ఒకే లాట్ ఉల్లిగడ్డ, రెండు రిపోర్టులు: క్వెర్సిటిన్ లెక్క ఎక్కడ దారి తప్పింది

కేసు ఇది. కొలవాల్సింది క్వెర్సిటిన్, అంటే ఉల్లిలో ఉండే ఫ్లేవనాయిడ్ అనే పాలీఫినాల్ రకం పదార్థం. ఉల్లి వేలానికి పేరున్న దేవరకద్ర మార్కెట్లో కొన్న యాసంగి ఎర్ర ఉల్లిగడ్డ, ఒకే రైతు తెచ్చిన ఒకే లాట్. సగం బస్తాలు ఒక ల్యాబ్‌కు, సగం ఇంకో ల్యాబ్‌కు వెళ్లాయి. రెండు చోట్లా హెచ్‌పీఎల్‌సీయే (ద్రావణంలోని పదార్థాలను విడదీసి కొలిచే మిషన్), రెండు చోట్లా సి18 కాలమే (పదార్థాలు విడిపోయే గొట్టం), డిటెక్టర్ కూడా 370 నానోమీటర్ల దగ్గరే పెట్టారు. మొదటి ల్యాబ్ రిపోర్టులో కిలో గడ్డకు 212 మిల్లీగ్రాముల క్వెర్సిటిన్. రెండో ల్యాబ్‌లో 438. (ఇవి లెక్క తేలిగ్గా నడవడానికి పెట్టుకున్న అంకెలు. తప్పులు మాత్రం బెంచీ మీద రోజూ కనిపించేవే.)

విడివిడిగా చూస్తే రెండు అంకెలూ నమ్మేలానే ఉన్నాయి. ఎర్ర ఉల్లిలో కిలోకు 200 నుంచి 500 మిల్లీగ్రాముల దాకా రావడం మామూలే. చిక్కు కూడా అక్కడే. ఒకటి 20 వచ్చి, ఇంకోటి 4,000 వచ్చుంటే తప్పెక్కడో ఆ రోజే దొరికేది.

ముందు మిషన్‌ని పక్కన పెట్టడం

తేడా రాగానే అందరూ ల్యాంపునీ, పంపు సీలునీ, కాలమ్‌నీ అనుమానిస్తారు. దానికి గంట పని చాలు. ఒక ల్యాబ్‌లో తయారైన స్టాండర్డ్ (క్వెర్సిటిన్ ఎంతుందో ముందే తెలిసిన ద్రావణం) వయల్ ఒకటి, ఎక్స్‌ట్రాక్ట్ వయల్ ఒకటి తీసుకుని, ఐస్ డబ్బాలో పెట్టి రెండో చోటికి పంపాలి. అక్కడా అదే వయల్స్ ఎక్కించి, ఎక్స్‌ట్రాక్ట్ పీక్‌కీ స్టాండర్డ్ పీక్‌కీ నిష్పత్తి చూడాలి (పీక్ అంటే డిటెక్టర్ గ్రాఫులో ఆ పదార్థం దగ్గర లేచే గుట్ట). విడి పీక్ ఏరియాలు పోల్చడం దండగ, ఒక్కో డిటెక్టర్ ఒక్కో స్థాయిలో చెబుతుంది. నిష్పత్తి రెండు మూడు శాతం లోపు కలిస్తే మిషన్ తప్పు లేనట్టే. ఈ కేసులో కలిసింది. అంటే 212, 438 అన్న తేడా వయల్లోకి దిగకముందే పుట్టింది. ఇక వెనక్కి నడవాలి.

నడవబోయే ముందు, ఉల్లిలో కొలిచేదేమిటో ఒక్క మాట. గడ్డ కండలో విడి క్వెర్సిటిన్ దాదాపు ఉండదు. అది గ్లూకోజ్‌తో ముడిపడి ఉంటుంది: ఎక్కువ భాగం క్వెర్సిటిన్-3,4'-డైగ్లూకోసైడ్, క్వెర్సిటిన్-4'-గ్లూకోసైడ్ అనే రెండు రూపాల్లో. ఆమ్లంలో వేడి చేస్తే (దీన్నే హైడ్రాలిసిస్ అంటారు) గ్లూకోజ్ ఊడిపోయి, రెండూ ఒకే క్వెర్సిటిన్‌గా మారి ఒకే పీక్‌గా వస్తాయి. స్టాండర్డ్ ఒక్కటి కొంటే సరిపోతుంది కాబట్టి చిన్న ల్యాబులు ఈ దారే పడతాయి. పైన ఎండిన పొట్టు సంగతి పూర్తిగా వేరు. అక్కడ గ్లూకోజ్ ఊడిన విడి క్వెర్సిటిన్ పేరుకుని ఉంటుంది, అదీ కండతో పోల్చలేనంత ఎక్కువగా.

మొదటి తేడా: సీసా మీది చిన్న అక్షరాలు

బజారులో దొరికే క్వెర్సిటిన్ స్టాండర్డ్ చాలావరకు డైహైడ్రేట్. ఒక్కో అణువుతో రెండు నీటి అణువులు అంటుకుని ఉంటాయి. క్వెర్సిటిన్ అణుభారం 302.24, డైహైడ్రేట్‌ది 338.27. మొదటి దాన్ని రెండో దానితో భాగిస్తే 0.8935. అంటే తూకంలో 10.0 మిల్లీగ్రాములు పెడితే అందులో అసలు క్వెర్సిటిన్ 8.94 మిల్లీగ్రాములే.

రెండో ల్యాబ్‌లో ఆ 10.0 నే మొత్తం క్వెర్సిటిన్‌గా లెక్క కట్టారు. స్టాండర్డ్‌లో లేనిది ఉందనుకుంటే శాంపిల్‌లోనూ అంతే నిష్పత్తిలో ఎక్కువ చూపిస్తుంది, దాదాపు 12 శాతం. 438ని 0.8935తో గుణిస్తే 391. సీసా లేబుల్ మీది ప్యూరిటీ శాతం వేరే సంగతి, దాన్నీ గుణించాలి. ఆ ప్యూరిటీని ఎండు బరువు మీద ఇచ్చారా, ఉన్న బరువు మీద ఇచ్చారా అన్నది సర్టిఫికెట్‌లో చూడాలి, లేకపోతే నీటిని రెండుసార్లు తీసేసినట్టవుతుంది.

ఇదే కోవలో ఇంకో గొడవ ఉంది, ఈ కేసులో రాలేదు గానీ తరచూ వస్తుంది. ఫలితాన్ని క్వెర్సిటిన్‌గా రాశారా, గ్లూకోసైడ్‌గా రాశారా? 4'-గ్లూకోసైడ్ అణుభారం 464.38. అదే పదార్థం క్వెర్సిటిన్‌గా 300 అయితే గ్లూకోసైడ్‌గా రాస్తే 461 అవుతుంది. ఎవరూ తప్పు చేయకుండానే ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది.

రెండో తేడా: రేకుల షెడ్డు

మొదటి ల్యాబ్ గడ్డలు వచ్చిన రోజే కోసింది. రెండో ల్యాబ్‌కు చేరాల్సిన బస్తాలు ఏప్రిల్, మే ఎండల్లో రేకుల షెడ్డు కింద ఆరు వారాలు ఉన్నాయి. పాలమూరు ఎండలో రేకు కింద వేడి ఎంతుంటుందో ఇక్కడి వాళ్లకు చెప్పక్కర్లేదు. గడ్డలో నీరు పోయింది: తేమ 87 శాతం నుంచి 85కు దిగింది.

రెండు శాతమేగా అనిపిస్తుంది. కానీ ఎండు పదార్థం 13 నుంచి 15కు చేరింది. క్వెర్సిటిన్ ఒక్క మిల్లీగ్రాము పెరగకపోయినా, కిలో గడ్డకు చూపే అంకె 15/13 రెట్లవుతుంది. మొదటి ల్యాబ్ 212నే ఆరు వారాలు ఆరబెడితే 245 అవుతుంది. ఇక పోల్చాల్సింది 245ని, 391ని.

తేమ చూసే పద్ధతిలోనూ ఒక మెలిక ఉంది. ఉల్లిలో చక్కెరలు, ఫ్రక్టాన్లు ఎక్కువ. 105 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఉంచితే అవి మాడి బరువు కోల్పోతాయి, తేమ ఎక్కువున్నట్టు తేలుతుంది. వాక్యూమ్ ఓవెన్‌లో 70 డిగ్రీల దగ్గర, బరువు మారడం ఆగేదాకా పెట్టడం మేలు. తీసేటప్పటికి ముక్క లేత రంగులోనే ఉండాలి. గోధుమ రంగు తిరిగితే ఆ తేమ అంకె కొట్టేయాల్సిందే.

మూడో తేడా: కత్తిపీట దగ్గర

మిగిలిన తేడా 146 మిల్లీగ్రాములు. ఇది రసాయనం తేడా కాదు, ఉల్లిగడ్డ ఒలిచే తీరులో తేడా.

రెండో ల్యాబ్‌లో గడ్డను చేత్తో రుద్ది, ఊడినంత పొట్టు ఊదేసి, తోక, వేరు పీట కోసి మిక్సీలో వేశారు. రుద్దితే ఊడని పొట్టు ఒకటుంటుంది. మెడ దగ్గర ముడుచుకుపోయిన పొరలు, వేరు పీట చుట్టూ అంటుకున్న అంచు, ఇంకా పైన సగం ఎండి కింద పచ్చిగా ఉన్న పొర. తడిచేత్తో పట్టుకుంటే అది పచ్చి పొరలాగే మెత్తగా తగులుతుంది, వెలుతురుకు పట్టి చూస్తే మాత్రం ఈనెలు కనిపిస్తాయి.

ఆ కాస్త పొట్టు ఎంత చేస్తుందో లెక్క కడదాం. పొట్టులో గ్రాముకు 20 మిల్లీగ్రాములు ఉందనుకుందాం, ఎర్ర ఉల్లి పొట్టుకు అది అతి లెక్కేమీ కాదు. 100 గ్రాముల ముక్కల్లో ఒక్క గ్రాము పొట్టు కలిస్తే 20 మిల్లీగ్రాములు, అంటే కిలోకు 200 మిల్లీగ్రాములు పెరుగుతుంది. మన తేడా 146 రావడానికి 100 గ్రాముల్లో ముప్పావు గ్రాము పొట్టు చాలు. గుప్పెట్లో పెట్టుకుంటే బరువే తెలియదు.

మొదటి ల్యాబ్ చేసిందీ ఒప్పేమీ కాదు. అక్కడ ఇంట్లో కూరకు ఒలిచినట్టు, పొట్టుతో పాటు పైనున్న కండ పొరను కూడా తీసి పారేశారు. ఉల్లిలో పై పొరల నుంచి లోపలికి వెళ్లేకొద్దీ క్వెర్సిటిన్ తగ్గుతూ పోతుంది. అన్నిటికంటే ఎక్కువున్న కండ పొర చెత్తబుట్టలో పడింది కనుక 212 తక్కువ అంకె. రెండు రిపోర్టుల్లో ఒకటి ఒప్పు, ఒకటి తప్పు అని తేల్చడం కుదరదు. రెండు ల్యాబులూ రెండు వేర్వేరు వస్తువుల్ని కొలిచి, రెండింటికీ ఉల్లిగడ్డ అనే పేరు పెట్టాయి.

దీన్ని ఊహగా వదిలేయకుండా తేల్చే దారి ఉంది. ఒకే పది గడ్డల నుంచి నాలుగు కుప్పలు చేయాలి. ఒక్కో గడ్డను మెడ నుంచి వేరు పీట దాకా నిలువుగా నాలుగు పాళ్లు చేసి, ఎదురెదురు రెండు పాళ్లు ఒక వైపు, మిగిలిన రెండు ఇంకో వైపు వేస్తే రెండు వైపులా ఒకే గడ్డ ఉంటుంది. మొదటి వైపు పొట్టు మాత్రం శుభ్రంగా తీసింది, ఒకటో కుప్ప. రెండో వైపు పొట్టుతో పాటు పై కండ పొరా తీసింది, రెండో కుప్ప. అలా తీసిన ఆ కండ పొర విడిగా మూడోది, పొట్టు విడిగా నాలుగోది. ప్రతిదాన్నీ తూచి, ప్రతిదాన్నీ కొలవాలి. రెండు, మూడు కుప్పల క్వెర్సిటిన్‌ను వాటి బరువులతో కలిపితే ఒకటో కుప్ప అంకె రావాలి. వస్తే తేడా ఒలవడంలోనే ఉందని రుజువైనట్టు. పొట్టుకు మాత్రం శాంపిల్ 0.1 గ్రాము మించకూడదు, లేదంటే పీక్, స్టాండర్డ్‌లతో గీసిన క్యాలిబ్రేషన్ పరిధి దాటిపోతుంది.

అడ్డంగా చక్రాల్లా కోసి నడిమి చక్రం మాత్రం తీసుకునే అలవాటు కొందరికి ఉంది. చూడ్డానికి నీటుగా ఉంటుంది గానీ మెడ, అడుగు రెండూ పోతాయి. వద్దు.

కుదిరిన పద్ధతి

రెండు ల్యాబులూ ఒప్పుకున్న పద్ధతి ఇది. ఐదు బస్తాల్లో పైన, మధ్యలో, అడుగున ఏరి కనీసం ఇరవై గడ్డలు. ఎదురెదురు పాళ్లు తీసి సెంటీమీటరు ముక్కలు కోసి, వెంటనే పలచగా పరిచి డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టించాలి. గడ్డకట్టిన ముక్కల్నే మిక్సీలో పొడి చేయాలి. మెత్తటి ముద్ద చేసి బయట పెడితే ఉల్లిలోని ఎంజైములు గ్లూకోజ్‌ను విడదీస్తాయి, విడిపోయిన క్వెర్సిటిన్ గాలికి ఆక్సిడైజ్ అవుతుంది. మెథనాల్ పోసి మిక్సీ తిప్పుదామన్న ఆలోచన ఎవరికైనా వస్తే అక్కడే ఆపండి. ఇంటి మిక్సీ మోటారులో బ్రష్‌ల దగ్గర నిప్పురవ్వలు వస్తాయి, మెథనాల్ ఆవిరి అంటుకుంటుంది.

ఆ మంచుపొడి 5.00 గ్రాములు 100 మి.లీ. రౌండ్ బాటమ్ ఫ్లాస్క్‌లోకి. దాని మీద 62.5 శాతం మెథనాల్ 40 మి.లీ., అందులో లీటరుకు 2 గ్రాముల టీబీహెచ్‌క్యూ అనే యాంటీఆక్సిడెంట్ ముందే కరిగించి ఉండాలి. క్వెర్సిటిన్ ఆక్సిడైజ్ కాకుండా కాపాడేది అదే. 370 నానోమీటర్ల దగ్గర అది కనిపించదు కనుక పీక్‌కు అడ్డురాదు. తర్వాత 6 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 10 మి.లీ. (సాంద్ర ఆమ్లం సుమారు 12 మోలార్, సగానికి సగం పలుచన చేస్తే సరి. ఆమ్లాన్ని నీళ్లలో పోయాలి, నీళ్లను ఆమ్లంలో కాదు.) కండెన్సర్ బిగించి, 90 డిగ్రీల వాటర్ బాత్‌లో రెండు గంటలు. చల్లారాక వాల్యూమెట్రిక్ ఫ్లాస్క్‌లో మెథనాల్‌తో 100 మి.లీ. చేసి, ఐదు నిమిషాలు సోనికేటర్‌లో ఉంచి, వడగట్టి వయల్లోకి. ఎర్ర ఉల్లి కాబట్టి ద్రావణం గులాబీ రంగులో ఉంటుంది. అది గడ్డకు ఎరుపునిచ్చే ఆంథోసయనిన్ల రంగు, కంగారు పడొద్దు.

కాలమ్ సి18, 250 మి.మీ. పొడవు, 4.6 మి.మీ. వెడల్పు, 5 మైక్రాన్లు, ముందు గార్డ్ కాలమ్ తప్పనిసరి. మొబైల్ ఫేజ్‌లో (కాలమ్ గుండా పారే ద్రవంలో) అసిటోనైట్రైల్ 30 పాళ్లు, 0.1 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం కలిపిన నీళ్లు 70 పాళ్లు. నిమిషానికి 1 మి.లీ., కాలమ్ ఓవెన్ 35 డిగ్రీలు, ఇంజెక్షన్ 10 మైక్రోలీటర్లు. స్టాండర్డ్ 1, 5, 10, 20, 40 మైక్రోగ్రాములు, మి.లీ.కి. లెక్క సులువు: వయల్లో మి.లీ.కి 15 మైక్రోగ్రాములు వస్తే 15 × 100 ÷ 5 = 300, కిలోకు మిల్లీగ్రాములు. మధ్యలో పలుచన చేసుంటే దాంతో గుణించాలి.

ఎక్కడెక్కడ చెడుతుంది

కండెన్సర్‌తోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే మన దగ్గర ఎండాకాలం అదే ముందు మోసం చేస్తుంది. మేడ మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి కాగిపోతాయి. ఆ నీళ్లతో కండెన్సర్ నడిపితే మెథనాల్ ఆవిరై పైనుంచి వెళ్లిపోతుంది, ఫ్లాస్క్‌లో ఆమ్లం చిక్కబడుతుంది, క్వెర్సిటిన్ పాడవుతుంది. బకెట్‌లో ఐస్ వేసి, ఎయిర్ కూలర్లో వాడే చిన్న పంపుతో నీళ్లు తిప్పితే సరిపోతుంది. చిల్లర్ కొనేదాకా ఆగక్కర్లేదు. హైడ్రాలిసిస్‌కు ముందు ఫ్లాస్క్‌ను తూచి, తర్వాత మళ్లీ తూచండి. ఒక గ్రాము కంటే ఎక్కువ పోయుంటే ఆ శాంపిల్ వదిలేయడమే.

రెండు గంటలు అన్నది దేవుడిచ్చిన అంకె కాదు. కొత్త బాత్, కొత్త ఫ్లాస్క్ అయినప్పుడు ఒకే శాంపిల్‌ను 1, 2, 3 గంటలకు చేసి చూడాలి. గంటకే ఆపితే క్వెర్సిటిన్ పీక్‌కు ముందు గ్లూకోసైడ్ మిగులు చిన్నగా కనిపిస్తుంది. పీడీఏ డిటెక్టర్ (అన్ని తరంగదైర్ఘ్యాలూ ఒకేసారి చూసేది) ఉంటే ఖాయం చేసుకోవచ్చు: క్వెర్సిటిన్ శోషణ గరిష్ఠం 370 దగ్గర ఉంటే, డైగ్లూకోసైడ్‌ది 345 చుట్టుపక్కలకు జరుగుతుంది. మూడు గంటలకు అంకె తగ్గడం మొదలైతే అతి అయినట్టు.

క్వెర్సిటిన్ తర్వాత వచ్చే చిన్న పీక్‌ని కలిపేసి ఇంటిగ్రేట్ చేయొద్దు (ఏరియా లెక్క కట్టొద్దు). అది ఎక్కువసార్లు ఐసోర్హామ్నెటిన్ అనే ఇంకో ఫ్లేవనాయిడ్. కాంప్‌ఫెరాల్ కూడా అక్కడే ఎక్కడో వస్తుంది. బేస్‌లైన్ ఎక్కడ గీశారో కళ్లతో చూడకుండా సాఫ్ట్‌వేర్ ఇచ్చిన ఏరియా నమ్మితే ఒక్కోసారి ఐదారు శాతం అక్కడే పోతుంది.

సిరంజ్ ఫిల్టర్ సంగతి చాలామంది నమ్మరు. నైలాన్ పాలీఫినాళ్లను పట్టుకుంటుంది. మి.లీ.కి 5 మైక్రోగ్రాముల స్టాండర్డ్‌ను వడగట్టి ఒకసారి, వడగట్టకుండా ఒకసారి ఎక్కించి చూస్తే తెలిసిపోతుంది. పీటీఎఫ్‌ఈ వాడి, మొదటి 2 మి.లీ. పారబోయాలి.

గాజు సామాను డిటర్జెంట్‌తో కడిగి సరిగా తొలవకపోతే క్షారం మిగులుతుంది. క్షారంలో క్వెర్సిటిన్ నిలవదు. స్టాక్ ద్రావణం రంగు ముదురుతుంటే ముందు ఫ్లాస్క్‌ని అనుమానించండి. ఆఖరి తొలుపు పలుచని ఆమ్లంతో, ఆ తర్వాత డీఅయనైజ్డ్ నీళ్లతో.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి. నల్లగొండ వైపు బోరు నీళ్లంటే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది, కానీ ఈ పరీక్షకు ఫ్లోరైడ్ అడ్డం కాదు, 370 దగ్గర దానికి శోషణే లేదు. ఇబ్బంది పెట్టేది లవణాలు, కరిగిన సేంద్రియాలు. నీళ్లు శుద్ధి చేసే యంత్రంలో మెంబ్రేన్ పూడుకుపోతే నీటి రెసిస్టివిటీ 18.2 మెగాఓమ్-సెం.మీ. నుంచి మెల్లగా జారుతుంది, ఎవరూ మీటరు వైపు చూడరు, బ్లాంక్‌లో (శాంపిల్ లేని ఉత్త ద్రావణంలో) దెయ్యం పీకులు మొదలవుతాయి. ప్రతి బ్యాచ్‌లో ముందు ఒక బ్లాంక్ పెడితే ఇది ఆ రోజే బయటపడుతుంది.

మధ్యాహ్నం కరెంటు పోయి ఏసీ ఆగితే రిటెన్షన్ టైమ్ (పీక్ బయటికొచ్చే సమయం) జరుగుతుంది, పీక్ విండో దాటిపోతే సాఫ్ట్‌వేర్ సున్నా ఇస్తుంది. కాలమ్ ఓవెన్ యూపీఎస్ మీద ఉండాలి. గదిని మించిన ఉష్ణోగ్రతే ఓవెన్ పట్టి ఉంచగలదు కనుక, గది 38 దాకా వెళ్లే చోట 35 పెట్టి లాభం లేదు, 45 పెట్టుకుని అన్నీ 45 మీదే చేయండి.

రికవరీ పరీక్షలో, అంటే తెలిసినంత కలిపి ఎంత తిరిగి దొరికిందో చూసే పరీక్షలో, ఒక ఆత్మవంచన ఉంది. శాంపిల్‌లో విడి క్వెర్సిటిన్ కలిపి 98 శాతం వచ్చిందని రాస్తారు. దాంతో హైడ్రాలిసిస్ పనిచేసిందో లేదో తెలియదు, కలిపిందే విడి రూపం కదా. 4'-గ్లూకోసైడ్ స్టాండర్డ్ కలిపితే అసలైన పరీక్ష, కానీ ధర ఎక్కువ. రూటిన్ (చక్కెరలతో ముడిపడిన క్వెర్సిటిన్ ఇంకో రూపం) తక్కువ ధరకు దొరుకుతుంది, బంధం వేరే చోట ఉన్నా ఆమ్లం పనిచేస్తోందో లేదో చెబుతుంది. ఇక్కడా సీసా చదవాలి: ట్రైహైడ్రేట్ రూటిన్ అణుభారం 664.57, అంటే మిల్లీగ్రాముకు రావాల్సిన క్వెర్సిటిన్ 0.455 మిల్లీగ్రాములు.

అల్యూమినియం క్లోరైడ్ రంగు పరీక్షతో వచ్చిన "మొత్తం ఫ్లేవనాయిడ్లు" అంకెను ఈ అంకె పక్కన పెట్టొద్దు. అది వేరే కొలత.

మళ్లీ చేసినప్పుడు

రెండు ల్యాబులకూ ఇప్పుడు బస్తాలు పంపడం మానేశారు. ఒకచోట పొడి చేసిన మంచుపొడినే, డ్రై ఐస్‌లో రెండు డబ్బాలుగా పంచారు. అంకెలు ఐదు శాతం లోపు కలిస్తే పద్ధతి నిలిచినట్టు లెక్క. అది నిలిచాకే మళ్లీ గడ్డలు పంచి, ఒలిచే చేతుల మధ్య తేడా విడిగా చూశారు. ఈ వరుస తిరగేస్తే ఏ తేడా ఎవరిదో మళ్లీ కలగాపులగమవుతుంది.

రిపోర్టు నమూనా కూడా మారింది. "ఉల్లిగడ్డలో క్వెర్సిటిన్" అన్న ఒక్క లైను ఉన్న చోట ఇప్పుడు ఇలా ఉంటుంది: విడి క్వెర్సిటిన్‌గా, హైడ్రాలిసిస్ తర్వాత, తాజా బరువు మీద ఇంత, తేమ ఇంత, ఎండు బరువు మీద ఇంత. ల్యాబ్‌లో గడ్డ కోసిన తేదీ, అంతకు ముందు నిల్వ ఉన్న రోజులు. తీసింది పొట్టు మాత్రమేనా, కండ పొర కూడానా. చివర్లో ఒక గడి కొత్తగా చేరింది: తీసిన పొట్టును కవర్లో వేసి, తూచి, ఆ బరువు అక్కడ రాయాలి. ఆ గడి ఖాళీగా వచ్చిన శాంపిల్‌ను మిషన్ ఎక్కించరు.